గేటు కర్ణాటకలో, కాలువ ఆదోనిలో

ప్రశ్న: తుంగభద్ర జలాశయం కర్ణాటకది కదా! 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోతే మనవాళ్లెందుకు పరుగెత్తారు?
– ఒక రైతు, ఆదోని

జవాబు: భలేవారే! మీ చేనుకొచ్చే దిగువ కాలువ నీళ్లు ఎక్కడివనుకున్నారు? హోస్పేట దగ్గరి ఆ జలాశయానివే. కుడిగట్టు ఉమ్మడి కాలువలను చూసేది 1953లో ఏర్పడిన తుంగభద్ర బోర్డు. అధ్యక్షుణ్ణి కేంద్రం నియమిస్తుంది; కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రతినిధులు సభ్యులు. ఖర్చూ రాష్ట్రాలే భరిస్తాయి. గేటును పట్టి ఉంచే గొలుసు తెగేదాకా ఎవరూ కదలలేదేమని నాకూ కోపమే. అయితే తెగాక మాత్రం పని చకచకా సాగింది. నీరు ఉరకలేస్తుండగానే ఉక్కు పలకలను ఒకదానిపై ఒకటి దించి, వారంలో ఆ ఖాళీ మూశారు. దారి చూపిన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు తెలుగువారే. ఎగువ కాలువ నీళ్లూ అక్కడివే, అనంతపురం వాళ్లను అడగండి.