నీ రాతకు నువ్వే సంపాదకురాలివి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన రచనలూ అందాయి. "పత్రికకు పంపినప్పుడు వాళ్ల నియమాలు ఒప్పుకుంటాను. నెట్‌లో నా సొంత చోట, నా పేరుతో, నా అనుభవం రాసుకుంటుంటే కూడా అది రాయకూడదు, ఇది రాయకూడదు అనడానికి వీళ్లెవరు?" అని అడిగావు. కోపంలో అడిగినా అడగవలసిన ప్రశ్నే. ఉద్యోగం చేసినన్నాళ్లూ పత్రిక డెస్క్ మీద ఇతరుల కాపీ దిద్దినదాన్ని. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి, దాచుకోకుండా చెబుతాను.

నువ్వు లెక్కచేయనక్కరలేనివి ముందు చెప్పేస్తాను. వారానికి ఇన్ని రాయాలి, ఇంత నిడివి దాటకూడదు, ఒకే విషయం పట్టుకోవాలి, చివర్లో ఏదో ఒక సందేశం ఉండాలి అని నీకు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. వాటిలో ఒక్కటీ నియమం కాదు, వాళ్ల వాళ్ల అలవాట్లు. టీచరు కాబట్టి నీతికథలే రాయాలన్న మీ మామగారి మాట కూడా అంతే. ఆయనకు మర్యాదగా జవాబు చెప్పి, నీకు తోచింది రాయి. భాష సంగతీ అంతే. మీ శ్రీకాకుళం వైపు మాటలు రచనలో వాడితే చదువుకున్నదానిలా లేదన్నారని బాధపడ్డావు. గిడుగు రామమూర్తి పంతులు గారు మీ వైపు మనిషే, పర్లాకిమిడిలో బడిపంతులే. జనం మాట్లాడే భాషకు పుస్తకాల్లో చోటు కోసం పండితులతో ఏళ్ల తరబడి వాదించారు. అంతటితో ఆగకుండా సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పడానికి పూనుకున్నారు. ఆయన గెలిచి ఇచ్చిన స్వేచ్ఛను ఎవరో మూతి విరిచారని వదులుకోకు. అయితే అచ్చుతప్పులు మాత్రం స్వేచ్ఛ కిందికి రావు. నీ రచనల్లో ఒత్తులు చాలాచోట్ల తప్పాయి. బయట పెట్టే ముందు ఒకసారి పైకి చదివితే సగం తప్పులు నీకే దొరుకుతాయి.

ఇక అసలు సంగతి. నీ జీవితం, నీ అభిప్రాయం, నీ నమ్మకం, నీ అపనమ్మకం, వీటి మీద పూర్తి హక్కు నీదే. రచనలోకి ఇంకో మనిషి అడుగుపెట్టిన వాక్యం దగ్గర ఆ హక్కు తగ్గడం మొదలవుతుంది. నియమాలన్నీ నాకు అక్కడి నుంచే పుట్టుకొస్తాయి. మిగతా వాటి గురించి నాకు పెద్ద పట్టింపు లేదు.

మీ నాయనమ్మ మీద రాసింది చూడు. చాలా బాగా రాశావు. ఆమె కోడలిగా వచ్చిన కొత్తలో ఇల్లు విడిచి వెళ్లడం, పుట్టింటివాళ్లు గడప దాటనివ్వకపోవడం, మళ్లీ తిరిగి రావడం చదువుతుంటే నాకు కళ్లు చెమర్చాయి. మీ మేనత్త అలిగిందంటే అది బాగా లేదని కాదు. ఎనభై దాటిన మనిషి ఇన్నాళ్లు నోట్లోనే పెట్టుకున్న సంగతి ఊరందరి ఫోన్లలోకి వెళ్లిందని. నాయనమ్మ పేరు రాయలేదు కదా అన్నావు. రచయిత్రి పేరు నీదైతే నాయనమ్మ ఎవరో ఊళ్లో తెలియనిది ఎవరికి? పైగా అంతా పొగడ్తే కదా అని కూడా అన్నావు. 1994లో రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటకే జవాబు చెప్పింది. మనిషి కుటుంబం, పెళ్లి, కాన్పు, చదువు లాంటి సొంత విషయాలను ఆ మనిషి అనుమతి లేకుండా ప్రచురించకూడదు, రాసింది నిజమైనా అబద్ధమైనా, పొగిడినా తెగడినా సరే అంది. అప్పటికే బహిరంగ రికార్డుల్లో ఉన్న విషయాలకూ, అధికారి విధి నిర్వహణకూ సంబంధించిన రాతలకు మినహాయింపులు ఇచ్చింది. మీ నాయనమ్మ కథ ఏ రికార్డులోనూ లేదు.

కోర్టు సంగతి పక్కన పెట్టు, ఆమె నీ మీద దావా వేయదు. ఆ కథ ఆమెది. ఆమె దగ్గర కూర్చుని మొత్తం చదివి వినిపించు. చదువు రాని మనిషి కాబట్టి ఆమెకు తెలియకుండా ఆమె గురించి రాయడం చాలా సులువు, అందుకే వినిపించడం మరీ అవసరం. వద్దన్న చోట కొట్టేయి. ఏమో ఎవరికి తెలుసు, నీకు తెలియని ఇంకో నాలుగు సంగతులు తానే చెప్పవచ్చు. నేను చూసినంతలో ముసలివాళ్లు దాచమనేది మనం దాచాలనుకున్నదానికంటే తక్కువే ఉంటుంది. ఆమె ఒప్పుకుంటే మీ మేనత్త అలకను నువ్వు పట్టించుకోనక్కరలేదు.

పిల్లల గురించి రాసినప్పుడు నేను ఇంతకంటే కఠినంగా ఉంటాను. ఆకలితో బడికి వచ్చే ఆ అబ్బాయి గురించి రాశావు. పేరు మార్చావు, బాగానే ఉంది. కానీ తరగతి, ఊరు, తండ్రి చెన్నై పనికి వలస వెళ్లి తిరిగి రాకపోవడం, తల్లి ఇటుకబట్టీలో పని, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచావు. ఆ మండలంలో ఎవరు చదివినా వాడిని గుర్తుపడతారు. లైంగిక నేరాలకు గురైన పిల్లల విషయంలో పోక్సో చట్టం, పేరూ ఫొటోలతో ఆగకుండా కుటుంబ వివరాలు, బడి, ఇరుగుపొరుగు కూడా బయటపెట్టకూడదని చెప్పింది. ఆ పిల్లవాడికి అలాంటిదేమీ జరగలేదని తెలుసు, ఆ చట్టం వాడికి వర్తించదు. అయినా మనిషిని పేరొక్కటే పట్టివ్వదన్న తెలివి అందులో ఉంది. దాన్ని నువ్వు ప్రతి పిల్లవాడికీ వర్తింపజేసుకో. ఊరు తీసేయి, తండ్రి వృత్తి మార్చు, ఇద్దరు ముగ్గురు పిల్లల సంగతులు కలిపి ఒకరిగా రాయి, కలిపి రాశానని ఒక వాక్యంలో పాఠకులకు చెప్పు. ఫొటో వద్దే వద్దు, వెనక నుంచి తీసినదైనా సరే.

వాడి తల్లిని అడిగి ఒప్పించానన్నావు. అమ్మాయీ, టీచరమ్మ అడిగితే ఆ తల్లి కాదనగలదా? తన బిడ్డ చదువు నీ చేతుల్లో ఉందనుకుంటుంది, కాబట్టి నువ్వు దేనికి సంతకం పెట్టమన్నా పెడుతుంది. అలాంటి ఒప్పుకోలు మీద ఆధారపడి రాయకూడదు. ఇప్పుడు వివరంగా రాసి నీ దగ్గరే పెట్టుకో. వాడు పదో తరగతి దాటి వెళ్లిపోయాక, పెద్దవాడయ్యాక వాడినే అడుగు. అప్పుడు నీకు కాదని చెప్పగలడు. కాదనగలిగినవాడు సరే అంటేనే ఆ మాటకు విలువ. మంచి రచన పదేళ్లు ఆగితే పాడైపోదు. పన్నెండేళ్ల పిల్లవాడిని తోటివాళ్లు పదో తరగతి దాకా "నువ్వేగా ఆ కథలో అన్నం లేనివాడివి" అని ఏడిపిస్తే వాడు పాడైపోతాడు.

ఇంతవరకు నిన్ను ఆపుతున్నట్టే ఉన్నాను. బలహీనుల విషయంలోనే ఆపుతున్నాను. అధికారం ఉన్నవాళ్ల విషయానికి వస్తే, తెలుసుకుని ధైర్యంగా రాయి అంటాను.

తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. నువ్వు ప్రభుత్వ ఉద్యోగివి. 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి నీకు వర్తిస్తుంది. ప్రభుత్వ విధానాలను బహిరంగంగా విమర్శించడం మీద అందులో ఆంక్షలున్నాయి. ఆ ఆంక్షలు అవసరానికి మించి ఉన్నాయని నా అభిప్రాయం, అయినా అవి ఉన్నాయి. కలం పేరు పెట్టుకుంటే వర్తించవని ఎవరో చెప్పారన్నావు, నమ్మకు. కలం పేరు సాహిత్యంలో అందంగా ఉంటుంది, విచారణాధికారి ముందు అడ్డు నిలవదు. కథ, కవిత, బడి జ్ఞాపకం రాసుకో. విధానం మీద తీర్పు చెప్పాలనిపించినచోట కంటితో చూసింది మాత్రమే రాయి. నీళ్లు లేని మరుగుదొడ్డిని ఉన్నది ఉన్నట్టు వర్ణించిన పేరా ఎంత పని చేస్తుందో నీకే తెలుస్తుంది. దానికంటే ముందు పై అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నకలు దాచుకో. సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగవచ్చు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఆ జవాబు కాగితం చేతిలో ఉంటే నీ వాక్యానికి వెన్నెముక ఉన్నట్టే.

ఒక మనిషిని వేలెత్తి చూపేటప్పుడు పరువు నష్టం సంగతి గుర్తుంచుకో. పాత శిక్షాస్మృతిలో 499, 500 సెక్షన్లుగా ఉన్నది 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్‌గా ఉంది. నేరం రుజువైతే రెండేళ్ల వరకు జైలు పడవచ్చు. రాసింది నిజమైతే చాలనుకుంటారు. చాలదు. అది నిజం కావాలి, ప్రజల మేలుకు అవసరమైనదీ కావాలి. అధికారి తన పని చేసిన తీరు మీద సదుద్దేశంతో చెప్పిన అభిప్రాయానికి చట్టంలోనే రక్షణ ఉంది. అందుకే అధికారి మధ్యాహ్న భోజనం బిల్లులు ఆపితే ఆ సంగతి రాయి, ఆయన ఇంటి గొడవలు రాయకు. రాసే ముందు ఆయన వివరణ అడుగు. డెస్క్ మీద అవతలివాడి మాట లేని ఆరోపణ కాపీని వెనక్కి పంపేవాళ్లం. నీ రాతకు సంపాదకుడు లేడు కాబట్టి ఆ పని నువ్వే చేసుకోవాలి.

ఎవరైనా ఐటీ చట్టంలో నెట్ రాతల మీద ఒకప్పుడు ఉన్న 66ఏ సెక్షన్ కింద కేసు పెడతామని బెదిరిస్తే భయపడకు. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఇద్దరు అమ్మాయిలను ఫేస్‌బుక్‌లో పెట్టిన ఒక మాటకు అరెస్టు చేశాక దేశమంతా గొడవైంది. శ్రేయా సింఘాల్ వేసిన పిటిషన్ మీద 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. ఆ తర్వాత కూడా పోలీసులు దాని కింద కేసులు పెడుతుంటే పెట్టవద్దని 2022లో మళ్లీ ఆదేశించింది. లేని సెక్షన్ పేరు చెప్పి నోరు మూయించడం చాలాచోట్ల జరుగుతుంది. నీకు వర్తించే నియమం ఎంత గట్టిగా తెలియాలో, నీకు వర్తించని నియమం కూడా అంతే గట్టిగా తెలియాలి.

ఈ స్వేచ్ఛకు మన దగ్గర ఎంత వెల కట్టారో కూడా గుర్తుచేసుకో. స్వరాజ్య పత్రికలో వచ్చిన ఒక వ్యాసానికి 1908లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు రాజద్రోహ నేరం కింద జైలుకు వెళ్లారు. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలవాలని ఇమ్రోజ్ పత్రికలో రాసినందుకు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో చేయి నరికి చంపారు. వాళ్లు ఎవరి మీద రాశారో చూడు. తమకంటే ఎన్నో రెట్లు బలమైనవాళ్ల మీద రాశారు. పక్కింటావిడ కాపురం మీద రాసి, ఎవరైనా అడిగితే భావప్రకటన స్వేచ్ఛ అనేవాళ్లను చూస్తే నాకు మండిపోతుంది.

ఇతరుల రచనల సంగతి క్లుప్తంగా చెబుతాను. రచయిత చనిపోయిన తర్వాత అరవై ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. గురజాడ 1915లో పోయారు, ఆయన కవిత మొత్తం పెట్టుకోవచ్చు. శ్రీశ్రీ 1983లో పోయారు, 2043 చివరి దాకా ఆ వీలు లేదు. చర్చ కోసం నాలుగు పంక్తులు పేరు చెప్పి వాడుకుంటే తప్పులేదు. నెట్‌లో దొరికిన ఫొటో ఎవరిదో ఒకరిది. నీ రచనను ఎవరో పేరు తీసేసి పంచుకున్నారని ఏడ్చావు కదా, ఆ ఫొటో తీసినవాళ్లదీ అదే ఏడుపు. తప్పు రాశావని తేలితే గుట్టుగా చెరిపేయకు. ఏది తప్పో, ఎప్పుడు సవరించావో అక్కడే కింద రాయి.

ఇప్పుడు నువ్వు పంపిన మధ్యాహ్న భోజనం రచన. సాంబారు నీళ్లలా ఉందని, పప్పు కనిపించలేదని, వంట చేసే ఆమె పేరు పెట్టి మరీ రాశావు. చూసింది రాశావు, నిజమే రాశావు. కానీ ఆ రాత దెబ్బ ఎవరికి తగులుతుంది? ఆమెకు బిల్లులు నెలల తరబడి రావడం లేదని, కిరాణా కొట్టులో అప్పు పెట్టి పప్పు తెస్తోందని నువ్వే ఉత్తరం చివర్లో రాశావు. ఆ సంగతి రచనలో ఎక్కడా లేదు. అది చదివితే పోయేది ఆమె పని. డబ్బు ఆపినవాళ్ల మీద ఒక్క వాక్యం లేదు. పేరు తీసేయి, ముందు ఆమెతో మాట్లాడు. ఏ నెల బిల్లు ఏ తేదీన పంపారో, ఏది ఎప్పుడు వచ్చిందో, కిరాణా కొట్టు అప్పు ఎంతో కాగితం మీద రాసుకో. బిల్లు ఎక్కడ ఆగిందో ప్రధానోపాధ్యాయుణ్ని అడుగు, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకో. సాంబారుతోనే మొదలుపెట్టు, ఆ పేరా బాగుంది. అక్కడి నుంచి డబ్బు ఆగిన చోటుకు వెళ్లు. మళ్లీ రాశాక నాకు పంపు, అప్పటిదాకా బయట పెట్టకు.

మీ పెద్దమ్మ