కరెంటు ఆదా చేసే ఇల్లా, పాతకాలపు మట్టి ఇల్లా? మూడు రకాల ఇళ్లలో వేసవులు గడిపిన అనుభవం

అనంతపురం దగ్గర ఒంటి అంతస్తు ఇల్లు కట్టబోతున్నామని రాశారు. మేస్త్రీ ఎర్ర ఇటుక, స్లాబుతో మామూలుగా కడదామంటున్నారు, మీ నాన్నగారు పాత మట్టి గోడల చల్లదనం దేనికీ రాదంటున్నారు, మీకేమో కరెంటు ఆదా అయ్యే కొత్త పద్ధతుల మీద మనసుంది. ఈ మూడు రకాల ఇళ్లలోనూ నేను ఏళ్ల తరబడి ఎండాకాలాలు గడిపాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. మీ నాన్నగారి మాటకూ మీ మాటకూ మీరనుకున్నంత దూరం లేదు. ఆ రెండింటికీ దూరంగా ఉన్నది, మనం ‘మామూలు’ అని పిలుచుకునే ఇల్లే.

మా తాతది నంద్యాల దగ్గర పల్లెలో చౌడు మిద్దె. రాయి, మట్టి కలిపి లేపిన గోడలు, రెండడుగుల మందం. కిటికీ గూట్లో కాళ్లు ముడుచుకుని కూర్చోవడం చిన్నప్పుడు నాకు అలవాటు. గోడ మందంలోనే ఒదిగిపోయేవాణ్ణి. పైన దూలాలు, వాటి మీద దంతెలు, దంతెల మీద నాపరాళ్లు, ఆపైన జానెడు మట్టి, అన్నిటికీ పైన చౌడు, అంటే ఉప్పు నేల మట్టి. వెలుతురు కోసం మిద్దె నడుమ ఒక గవాక్షం. మే నెలలో మిట్టమధ్యాహ్నం గడప దాటి లోపలికి వస్తే కళ్లకు చీకటి, ఒంటికి చల్లదనం ఒక్కసారే తగిలేవి. అంత మందపు గోడలోంచి పగటి వేడి లోపలికి చేరడానికి చాలా గంటలు పడుతుంది. అప్పటికి పొద్దుపోతుంది, మనుషులు ఆరుబయట మంచాల మీద ఉంటారు, తెరిచి ఉంచిన తలుపుల్లోంచి వచ్చే రాత్రి గాలి ఆ వేడిని తీసుకుపోతుంది. సీమలో పగటికీ రాత్రికీ వేడిలో తేడా ఎక్కువ కాబట్టి ఇది సాగింది. ఇదే గోడ కాకినాడలో కడితే ఇంత ఫలితం రాదు, అక్కడ రాత్రిళ్లు కూడా ఉక్కే. కోస్తాలో గాలి ఆడే వసారాలు, మండువా ఇళ్లు అందుకే వచ్చాయి.

అయితే ఆ చల్లదనం ఊరికే వచ్చింది కాదు. ఏటా తొలకరికి ముందు బండి కట్టుకుని వెళ్లి చౌడు తెచ్చి మిద్దె మీద పరిచి తొక్కాలి. ఒక ఏడు తాతకు జబ్బు చేసి ఆ పని ఆలస్యమైంది. మొదటి పెద్దవానకే వడ్ల బస్తాల మీద కురిసింది. అవ్వ రాత్రంతా గిన్నెలు మార్చుతూ కూర్చుంది. మిద్దె పాడైతే చక్కదిద్దే పనివాళ్లు ఇప్పుడు మా ఊళ్లో లేరు. మీ నాన్నగారితో మాట్లాడేటప్పుడు ఈ సంగతి కూడా కలిపి ఆలోచించండి.

నాన్న 1994లో పట్నంలో స్లాబు ఇల్లు కట్టారు. వాన కురవదు, తేళ్లు రావు. అమ్మకు అదే పెద్ద ఊరట. కానీ ఐదంగుళాల కాంక్రీటు పగలంతా ఎండను తాగి, మనం పడుకునే వేళకు గదిలోకి వదులుతుంది. మన అక్షాంశాల దగ్గర మే నెల మొదట్లో సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. అందుకే ఒంటి అంతస్తు ఇంట్లో ఎక్కువ వేడి పైకప్పులోంచే దిగుతుంది, తరువాత పడమటి గోడలోంచి. ఒక మే నెల రాత్రి తొమ్మిదింటికి ఆ ఇంటి పైకప్పు అడుగున థర్మామీటరుతో కొలిస్తే 41 డిగ్రీలు చూపింది. ఫ్యాను ఆ వేడినే కిందికి తోస్తుంది.

నేను 2019లో కట్టుకున్నప్పుడు మొదటి ఖర్చు అందుకే కప్పు మీద పెట్టాను. స్లాబు మీద రెండంగుళాల ఎక్స్‌పీఎస్ (వేడిని ఆపే గట్టి నురుగు) పలకలు, వాటి మీద వాలు చూసుకుని సిమెంటు పూత, పైన తెల్ల పెంకుముక్కల పరుపు. 1,100 చదరపు అడుగులకు 90 వేలు అయింది, ఇంటి మొత్తం ఖర్చులో నాలుగు శాతం లోపే. అదే నెలలో అదే వేళకు మా ఇంటి కప్పు అడుగున 34 డిగ్రీలే ఉన్నాయి. ఇళ్ల కోసం కేంద్రం 2018లో తెచ్చిన ‘ఎకో నివాస్ సంహిత’ అనే ఇంధన పొదుపు నియమావళి పైకప్పు యు విలువ, అంటే వేడిని లోపలికి వదిలే రేటు, 1.2 దాటకూడదంటుంది. ఏ రక్షణా లేని స్లాబుకు అది 3 పైమాటే. ఇంత ఖర్చు వద్దనుకుంటే కనీసం ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్ రూఫ్ పూతైనా వేయించండి. తెలంగాణ 2023లో ఇందుకోసం ఏకంగా ఒక విధానమే ప్రకటించింది.

గోడలకు ఏఏసీ బ్లాకులు, అంటే తేలికపాటి కాంక్రీటు దిమ్మలు వాడాను. ఎర్ర ఇటుకతో పోలిస్తే మూడో వంతు బరువు, లోపలంతా గాలి గదులు కాబట్టి వేడిని తేలిగ్గా లోపలికి రానివ్వవు. కానీ ఇక్కడే నాకు దెబ్బ తగిలింది. మా మేస్త్రీ మంచి పనిమంతుడు, ఇటుక పనిలో చేయి తిరిగినవాడు. ఆ అలవాటుతోనే బ్లాకుల మధ్య అంగుళం సిమెంటు పెట్టి కట్టాడు, స్తంభానికీ బ్లాకుకూ అతుకు దగ్గర వల లాంటి జాలీ కొట్టకుండా ప్లాస్టరింగు చేశాడు. మొదటి వేసవికే పడమటి గోడ మీద వెంట్రుకల్లా పగుళ్లు వచ్చాయి, వానకు చెమ్మ దిగింది. ఆ వైపు పూతంతా కొట్టించి మళ్లీ వేయించాల్సి వచ్చింది. బ్లాకుల పని తెలిసిన మేస్త్రీ దొరకకపోతే ఇటుకతోనే కట్టండి, కానీ పడమటి గోడ మాత్రం నాలుగున్నర అంగుళాలతో సరిపెట్టవద్దు. కేరళలో ఆర్కిటెక్టు లారీ బేకర్ ప్రచారం చేసిన ర్యాట్ ట్రాప్ పద్ధతి ఉంది. ఇటుకలను పక్కకు నిలబెట్టి మధ్యలో బోలు వదిలి తొమ్మిదంగుళాల గోడ కడతారు. దాదాపు పాతిక శాతం ఇటుకలు మిగులుతాయి, ఆ బోలులోని గాలే వేడిని ఆపుతుంది. నాకు ఆ పని చేసేవారు దొరకలేదని ఇప్పటికీ బాధగానే ఉంది.

మీ నాన్నగారి కోరిక తీరే దారి కూడా ఉంది. మట్టిలో కొద్దిగా సిమెంటు కలిపి యంత్రంతో నొక్కి చేసే ఇటుకలు పుదుచ్చేరి దగ్గరి ఆరోవిల్‌లో దశాబ్దాలుగా వాడుతున్నారు. కాల్చే పని లేదు, వానకు కరిగిపోవు. మీ స్థలంలో మట్టి అందుకు పనికొస్తుందేమో ముందు పరీక్ష చేయించండి, నల్లరేగడి అయితే కుదరదు.

ఇక పెద్దగా ఖర్చు లేనివి: మెట్లు, స్నానాల గది, సామాన్ల గది పడమటి వైపుకు నెట్టండి, పడక గదులు తూర్పుకో ఉత్తరానికో తీసుకోండి. కిటికీల మీద సజ్జ రెండడుగులు ఉండనివ్వండి. మా ఇంట్లో ఏసీ లేకపోలేదు, ఒకటుంది. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి మూడు గంటలు వేస్తే చాలు, తరువాత 30 వాట్ల ఫ్యానుతో తెల్లవారుతుంది.

చివరిగా, స్లాబు పోయకముందే మేస్త్రీకి ఒక మాట చెప్పండి. పలకలు, వాలు పూత, పెంకుముక్కలు కలిపి డాబా మట్టం నాలుగైదు అంగుళాలు లేస్తుంది. మెట్ల గది గడప, పిట్టగోడలో నీళ్లు పోయే గొట్టాలు ఆ మేరకు పైకి పెట్టించాలి. నేను చూసుకోలేదు. మొదటి వానకు డాబా నీళ్లు మెట్ల మీదుగా హాల్లోకి వచ్చాయి, గడప పగలగొట్టి మళ్లీ ఎత్తుగా కట్టించాను.