మావయ్యకు మాట వస్తుందని ఆగకమ్మా

ఉత్తరం: భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో అకౌంట్స్ చూస్తానండి. నాన్న పోయాక మావయ్యే చదివించారు, ఈ ఉద్యోగం కూడా ఆయన మాట మీదే వచ్చింది. మేనేజరు స్టాకు లెక్క తేలలేదంటూ సాయంత్రాలు ఆపేస్తాడు, భుజం మీద చెయ్యి వేస్తాడు, రాత్రిళ్లు వాట్సాప్‌లో రాయకూడనివి రాస్తాడు. చివరిసారి జరిగి 50 రోజులైంది. అమ్మ ‘గుట్టుగా మానేసి వచ్చెయ్’ అంటోంది. మావయ్యకు మాట రాకుండా ఏం కారణం చెప్పి మానేయాలి?

జవాబు: ఏ కారణమూ చెప్పొద్దమ్మా, మానొద్దు కూడా. నువ్వు భయపడుతున్నది మేనేజరుకు కాదు, మావయ్యకు. చదివించినందుకు ఆయన రుణం ఉంది, కాదనను. కానీ ఆయన నిన్ను పంపింది లెక్కలు రాయడానికి. మిగతాది భరించడం ఆ రుణం కిందికి రాదు.

ఈ ఆదివారమే ఆయన దగ్గర కూర్చుని మెసేజ్‌లు చూపించు. ‘మీ అమ్మాయికి పని రాదు’ అని మేనేజరు ముందుగా ఆయన చెవిన వేస్తే, ఆ తర్వాత నువ్వు చెప్పేది సాకులా వినపడుతుంది. మావయ్య ‘ఓనరు మనవాడే, పెద్దల్లో పెడదాం’ అంటాడేమో, ఒప్పుకోకు. మన వైపు చెడేది అక్కడే. పెద్దమనుషులు ఇవాళ రేపు అంటుంటే వాడు జాగ్రత్తపడి మెసేజ్‌లు తీసేస్తాడు, నీకున్న గడువు కరిగిపోతుంది. పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం చివరి ఘటన జరిగిన 3 నెలల్లో ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణముంటే ఇంకో 3 నెలలు పొడిగించవచ్చు గానీ ఆ ఆశ పెట్టుకోకు. నీ చేతిలో ఉన్నది 40 రోజులు.

10 మంది, అంతకు మించి పనిచేసే చోట ఈ ఫిర్యాదులు తీసుకునే అంతర్గత కమిటీ ఉండి తీరాలి. దానికి పెద్ద మహిళే. లేకపోతే యజమానికి 50,000 రూపాయల దాకా జరిమానా. కమిటీ లేకపోయినా, వేధించేది యజమానే అయినా భీమవరం కలెక్టరేట్‌కు వెళ్లి జిల్లా స్థానిక కమిటీ గురించి అడుగు.

ఫిర్యాదు 6 కాపీలు ఇవ్వాలి. తేదీ, వేళ, చోటు, వాడన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయి. సాక్షుల పేర్లు, చిరునామాలు జతచెయ్యి. స్క్రీన్‌షాట్లలో నంబరూ తేదీ కనపడాలి. చాట్ చెరపకు, ఫోను మార్చకు, ఒక కాపీ నీ సొంత మెయిల్‌కు పంపుకో. నీ దగ్గర ఉంచుకునే కాపీ మీద సంతకం, తేదీ వేయించుకో. విచారణ 90 రోజుల్లో ముగించాలి. ఈలోగా నిన్నో వాణ్నో వేరే చోటికి మార్చమనీ, నీ పనితీరు మీద వాడు రిపోర్టు రాయకుండా చూడమనీ, కావాలంటే 3 నెలల వరకు సెలవు ఇమ్మనీ విడిగా రాసి అడుగు. అడగకపోతే ఎవరూ ఇవ్వరు. డబ్బిచ్చి రాజీ చేసుకోవడం ఈ చట్టంలో చెల్లదు, ఆ మాట మావయ్యకూ చెప్పు.

పోలీసు కేసు దీనికి అడ్డం కాదు, రెండూ నడవచ్చు. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 75వ సెక్షన్ ఇందుకే ఉంది. మహిళలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

అమ్మకున్న పెళ్లి సంబంధాల బెంగకు ఒకటే జవాబు: ఫిర్యాదుదారు పేరు, వివరాలు బయటపెట్టడాన్ని ఆ 2013 చట్టమే నిషేధించింది. ఇక మావయ్య ముందు కోప్పడతాడు, పడనీ. ఆ కోపం దిగేదాకా ఆగకుండా సోమవారం కాపీలు ఇచ్చెయ్. తోడు రమ్మని మాత్రం ఆయన్నే అడుగు.