లీటరు నీళ్లలో కాదు, లీటరుకి

శ్రీకాకుళం

చిట్టీ,

మీ అమ్మ ఫోన్లో చెప్పింది. విశాఖలో పీహెచ్‌డీలో చేరి, ఎలుక లివర్ కణాల న్యూక్లియస్‌లో ఏ లిపిడ్లున్నాయో, అంటే ఏ కొవ్వు పదార్థాలున్నాయో, తేలుస్తావట. మనింట్లో ఇంకో బయోకెమిస్ట్ అని వీధంతా చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ముందురోజు ఎలుకను పస్తుంచు, అన్నీ ఐసు మీద చెయ్యి. ఇవి మీ గైడే చెప్తారు.

నా భయం సుక్రోజ్‌తో, అదే న్యూక్లియస్‌లని వేరుచేసే పంచదార పాకంతో. మా ల్యాబ్‌లో ఒక సీనియర్ ఉండేవాడు, మహా పనిమంతుడు. 2.2 మోలార్, అంటే లీటరు ద్రావణంలో 2.2 మోల్స్, కావాలని 753 గ్రాములు తూచి, లీటరు నీళ్లలో పోసేశాడు. కరిగాక మొత్తం లీటరు అవ్వాలి గానీ, ముందే లీటరు నీళ్లేమిటి! పంచదారా చోటు తింటుంది కదా. అది లీటరున్నర దగ్గరికొచ్చి, గాఢత ఒకటిన్నర మోలార్‌కి పడిపోయింది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే, చిక్కటి పాకంలో అయితే బరువైన న్యూక్లియస్‌లే అడుక్కి దిగుతాయి. ఆ పలచటి దాంట్లో మైటోకాండ్రియా కూడా దిగింది. లిపిడ్లని విడదీసి చూపే టీఎల్‌సీ ప్లేటు అయోడిన్ ఆవిరిలో పెడితే పైన గోధుమరంగు మచ్చ. న్యూక్లియస్‌లో కార్డియోలిపిన్ అనే లిపిడ్ కనిపెట్టేశానని అందరికీ టీలు తాగించాడు. మా సార్ ప్లేటు కిటికీ వెలుగుకి ఎత్తి చూసి, "సైటోక్రోమ్ ఆక్సిడేజ్ చూశావా బాబూ?" అన్నారంతే. అది మైటోకాండ్రియాలో ఉండే ఎంజైమ్. చూస్తే నిండా ఉంది. కార్డియోలిపిన్ మైటోకాండ్రియా సొత్తు. ఆ ఏడాది పనంతా గంగలో కలిసింది.

ఈఆర్ (కణంలోని పొరల వల) కలిసిందో లేదో చూడ్డానికి గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ ఒక్కటే నమ్ముకోకు. న్యూక్లియస్ బయటి పొర ఈఆర్‌తో కలిసే ఉంటుంది, ఆ ఎంజైమ్ దాని మీదా ఉంటుంది. లోపలి లిపిడ్లే కావాలంటే ట్రైటన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్‌తో పొరలు తీసెయ్యాలి. మరీ ఎక్కువేస్తే లోపలివీ లాగేస్తుంది, తర్వాత అణువుల బరువు చూసే మాస్ స్పెక్‌లో నీ ప్రాణం తీస్తుంది. చివరికి మిగిలేది చిటికెడు, అందులో పెద్ద వాటా ఫాస్ఫాటిడైల్‌కోలిన్ అనే లిపిడ్‌ది.

ఆ చిటికెడూ గాజు ట్యూబుల్లోనే పెట్టు. లిపిడ్లని కరిగించి తీసే క్లోరోఫామ్ తగిలితే ప్లాస్టిక్‌లోంచి ఏవేవో దిగి నీ శాంపిల్లో కలుస్తాయి. ఆవిర్లని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ లేకుండా ఆ సీసా మూత తీశావంటే మాత్రం ఊరుకోను. చదివేది లివర్, పీల్చేది లివర్‌ని పాడుచేసేదీనా!

మైనస్ ఎనభై ఫ్రీజర్‌కి జనరేటర్ ఉందో లేదో మొదటి రోజే అడుగు. సిగ్గుపడకు. 2014లో హుద్‌హుద్ విశాఖని, 2018లో తిత్లీ మన పలాస వైపుని ఏం చేశాయో చూశావుగా. కరెంటు లేక రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాం. అలాంటప్పుడు నీ శాంపిళ్లు ఎవరు చూస్తారు?

పలాస జీడిపప్పు పంపిస్తున్నాను. హాస్టల్లోనే తిను, ల్యాబ్ ఫ్రిజ్‌లో పెట్టకు.

మీ పెద్దమ్మ