ట్యాంకు లెవెల్ లైట్లు రెండు నెలలకే ఎందుకు ఆగిపోయాయి?

నల్లగొండలో బోరు నీళ్ల ట్యాంకుకు బీసీ547 ట్రాన్సిస్టర్లతో (కొద్దిపాటి కరెంటు అందగానే లైటును వెలిగించే చిన్న భాగాలతో) నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూపే లెవెల్ లైట్లు పెట్టుకున్నానని, రెండు నెలలకే వెలగడం మానేశాయని, ట్రాన్సిస్టర్లు కాలిపోయాయా అని అడిగారు. కాలి ఉండవు. ముందు ట్యాంకులోని తీగలు పైకి లాగి చూడండి.

అడుగున ప్లస్‌కు కలిపిన రాగి తీగ సన్నబడి, పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. మిగతా తీగల కొసలకు సున్నం తెల్లగా పేరుకుని ఉంటుంది. నీళ్లలో డీసీ కరెంటు ఆగకుండా పారితే ఇంతే: ప్లస్ వైపు రాగి కరిగి నీళ్లలో కలుస్తుంది, మైనస్ వైపు కాల్షియం పొరకడుతుంది. ఆ పొర దాటి ట్రాన్సిస్టర్ బేస్‌కు, అంటే దాన్ని ఆన్ చేసే కాలుకు, చాలినంత కరెంటు అందదు. మన దగ్గర ప్రతిదానికీ ఫ్లోరైడ్‌నే తిడతాం గానీ, ఈ తెల్లపొర దాని పని కాదు.

రాగి తీసేసి స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు పెట్టండి. ప్లస్ వైరులో ఒక పుష్ బటన్ వేస్తే, నొక్కినంతసేపే కరెంటు పారుతుంది.

నాకు ఇంతకంటే నచ్చేది రీడ్ స్విచ్, అంటే అయస్కాంతం దగ్గరికి రాగానే ఆన్ అయ్యే స్విచ్. అడుగు మూసిన సన్న పీవీసీ పైపు లోపల స్విచ్‌లు, బయట అయస్కాంతం దాచిన థర్మాకోల్ బిళ్ల. నీళ్లతోపాటు బిళ్ల లేచి ఎదురుగా రాగానే స్విచ్‌లోని రేకులు అతుక్కుంటాయి. నీళ్లకు లోహం తగలదు.

సప్లైకి 9 వోల్టుల బ్యాటరీ చాలు. పాత ఎల్‌ఈడీ బల్బులోంచి తీసిన డ్రైవర్ (లోపలి ఎల్‌ఈడీలకు కరెంటు ఇచ్చే సర్క్యూట్) మాత్రం వద్దే వద్దు. చాలావాటిలో 230 వోల్టుల లైనుకు, అవుట్‌పుట్‌కు మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ట్యాంకు నీళ్లే షాక్ కొడతాయి.