బయోటెక్‌లో సొంత కంపెనీ: అమెరికాకి కొత్తగా వచ్చిన తమ్ముళ్ళకీ, చెల్లెళ్ళకీ

“అక్కా, పీహెచ్‌డీ తర్వాత చేస్తున్న నా పోస్ట్‌డాక్ ఇంకో ఏడాదిలో అయిపోతోంది. ల్యాబ్‌లో మేం కనిపెట్టినదాంతో కంపెనీ పెడదామనుకుంటున్నా. ఏమంటావు?”

వారానికి ఒకరైనా ఇలా ఫోన్ చేస్తారు. కొందరు చదువయ్యాక కొంతకాలం పనిచేయనిచ్చే ఓపీటీ మీద ఉంటారు, కొందరు కంపెనీ వేసే ఉద్యోగ వీసా హెచ్-1బీ మీద, కొందరు ఒకప్పుడు నేనున్నట్టే, హెచ్-1బీ వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే హెచ్-4 మీద. నేను అమెరికా వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. నార్త్ కరోలినాలో, రీసెర్చ్ ట్రయాంగిల్ దగ్గర చిన్న కంపెనీ నడుపుతున్నాను. రోగి రక్తంలో మందు ఎంత ఉందో కొలిచే పరీక్ష ఉంటుంది కదా, ఆ పరీక్ష చూపించే అంకెని నమ్మొచ్చా లేదా అని తేల్చి, దానికి రుజువు కాగితం మీద పెట్టడం మా పని.

అడిగిన అందరికీ ముందు ఒకటే చెబుతాను. కొత్త మందుతో మొదలుపెట్టకండి. మీ చేతికి ఇప్పటికే అలవాటైన పనిని డబ్బిచ్చి కొనేవాళ్ళు ఎవరున్నారో వెతకండి.

మీ ఉత్సాహం మీద నీళ్ళు చల్లాలని కాదు. మనుషుల మీద పరీక్షల దాకా వెళ్ళిన మందుల్లో కూడా పదింటికి తొమ్మిది మధ్యలోనే ఆగిపోతాయి. దాటుకొచ్చేదానికి ఆ మొదటి పరీక్ష నుంచి, మందులకి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం దాకా పదేళ్ళు పట్టడం మామూలు. మీ హెచ్-1బీ ఒక విడతకి మూడేళ్ళు. ఈ రెండు క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. అదే, మందు తయారుచేసే కంపెనీలకి ప్రతిరోజూ ఏదో ఒక అవసరం ఉంటుంది. పరీక్షలు నిలబెట్టేవాళ్ళు కావాలి, కణాలు పెంచి ఇచ్చేవాళ్ళు కావాలి, నమూనాలు చల్లగా చేరవేసేవాళ్ళు, డేటా సరిచూసేవాళ్ళు, ఎఫ్‌డీఏకి పంపే కాగితాలు రాసేవాళ్ళు కావాలి. మందు పాసైనా ఫెయిలైనా వీళ్ళ బిల్లు వీళ్ళకి వస్తుంది.

నాకు ఈ సంగతి ఒక ప్లేటు నేర్పింది. ఉద్యోగం పోయి హెచ్-4కి మారి ఇంట్లో ఉన్న రోజుల్లో, ఒక చిన్న కంపెనీలో పనిచేసే స్నేహితురాలు తన ఎలైజా (నమూనాలో ఒక పదార్థం ఎంతుందో యాంటీబాడీలతో కొలిచే పరీక్ష) డేటా చూడమని పంపింది. మూడు నెలలుగా వాళ్ళ పరీక్ష నిలబడటం లేదు. ఇలాంటి పరీక్షల్లో ఒకే నమూనాని మళ్ళీ మళ్ళీ కొలిస్తే తేడా 20 శాతం దాటకూడదు, కొలవగలిగిన అతి తక్కువ మోతాదు దగ్గర మాత్రం 25 దాకా ఒప్పుకుంటారు. వాళ్ళకి 40 కూడా వస్తోంది. కిట్ మార్చారు, యాంటీబాడీ మార్చారు, మనిషిని కూడా మార్చారు. నేను అంకెలన్నీ, నమూనాలు పోసే 96 గుంటల ప్లేటు ఆకారంలో, 8 వరుసలు 12 నిలువులుగా పరిచి, ఎక్కువ వచ్చినవాటికి ఎర్ర రంగు వేశాను. ఎరుపంతా అంచున ఉన్న 36 గుంటల్లోనే, చీరకి బోర్డర్ వేసినట్టు కనిపించింది. మధ్యలో ఉన్న 60 శుభ్రంగా ఉన్నాయి. ఇంక్యుబేటర్‌లో ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి పెడుతున్నారు. అంచులు ముందు వేడెక్కుతున్నాయి, అక్కడే నీరు ఆవిరవుతోంది. ప్లేట్లు విడివిడిగా పెట్టి, అంచు గుంటల్లో నమూనా లేకుండా ఉత్త బఫర్ ద్రావణం పోయమన్నాను. ఆ వారమే పరీక్ష నిలబడింది. “ఇలా చూసేవాళ్ళు దొరక్క ఎంత నష్టపోయామో” అంది వాళ్ళ మేనేజర్. ఆ మాట విన్నాకే, దీనికి డబ్బిచ్చేవాళ్ళున్నారని నాకు తెలిసింది.

మీరు కూడా కస్టమర్లతో మాట్లాడేటప్పుడు “నేనిలాంటిది చేస్తే కొంటారా?” అని అడక్కండి. మర్యాదకి అందరూ కొంటామంటారు. “పోయినసారి ఇది పాడైనప్పుడు ఏం చేశారు? ఎవరికి ఎంత ఇచ్చారు?” అని అడగండి. పరిశోధనలకి డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎస్‌ఎఫ్ 2011లో మొదలుపెట్టిన ఐ-కోర్ అనే శిక్షణలో ఏడు వారాల్లో వందమందిని ఇలాగే కలిసి మాట్లాడమంటారు. మీ యూనివర్సిటీలో అది ఉంటే తప్పకుండా చేరండి.

మన ఇళ్ళల్లో ఒక వీలుంది, చాలామంది గమనించరు. భార్యాభర్తల్లో ఒకరు సాఫ్ట్‌వేర్, ఒకరు ఫార్మా అయిన జంటలు ఎన్నో. మందుల కంపెనీలో రికార్డులు కంప్యూటర్‌లో ఉంచాలంటే 1997 నుంచి పార్ట్ 11 అనే నిబంధన ఉంది. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో చెరిగిపోకుండా కనిపించాలి. ఆ సిస్టమ్ సరిగ్గా పనిచేస్తోందని నిరూపించే వాలిడేషన్ పనికి సాఫ్ట్‌వేర్ భాషా, ఫార్మా భాషా రెండూ తెలిసినవాళ్ళు కావాలి. ఒకే ఇంట్లో ఆ రెండూ ఉంటే దాన్ని మించిన పెట్టుబడి ఏముంటుంది?

ఇక కాగితాల సంగతి. ఇక్కడ కొంచెం నెమ్మదిగా చదవండి.

ల్యాబ్‌లో మీరు కనిపెట్టింది మీది కాకపోవచ్చు. ప్రభుత్వ గ్రాంటుతో జరిగిన పరిశోధన మీద హక్కు యూనివర్సిటీ ఉంచుకోవచ్చని 1980లో బే-డోల్ చట్టం వచ్చింది. ఆ పైన, చేరిన రోజు మీరు సంతకం పెట్టిన కాగితం ఉంటుంది. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకీ రోష్ అనే మందుల కంపెనీకీ మధ్య నడిచిన కేసు గుర్తుపెట్టుకోండి. ఒక పరిశోధకుడు స్టాన్‌ఫర్డ్‌కి “హక్కులు రాసిస్తానని ఒప్పుకుంటున్నాను” అని సంతకం చేశాడు. తర్వాత డీఎన్‌ఏకి కోట్ల కాపీలు తీసే పీసీఆర్ పద్ధతి నేర్చుకోవడానికి సీటస్ అనే కంపెనీకి వెళ్ళి, అక్కడ ఇచ్చిన విజిటర్ కాగితం మీద “ఇందుమూలంగా రాసిస్తున్నాను” అని సంతకం పెట్టాడు. మొదటిది రేపటి మాట, రెండోది అప్పటికప్పుడు జరిగిపోయిన దస్తావేజు. సీటస్ పీసీఆర్ వ్యాపారం రోష్ కొనుక్కుంది. 2011లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా స్టాన్‌ఫర్డ్ నెగ్గలేదు. క్రియాపదం ఏ కాలంలో ఉందన్నదాని మీద అంత ఆస్తి చేతులు మారింది. కాబట్టి ఆఫర్ లెటర్‌తో పాటు వచ్చే ఇన్వెన్షన్ ఎగ్రిమెంట్ ఇప్పుడే బయటికి తీసి చదవండి. నార్త్ కరోలినా, కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాల్లో, మీ సొంత టైమ్‌లో, సొంత సామానుతో, కంపెనీ వ్యాపారంతో సంబంధం లేకుండా చేసింది మీదే అని చట్టం ఉంది. ఆ మూడు షరతుల్లో ఒక్కటి తప్పినా రక్షణ లేదు.

సదస్సులో మీ పని మీద పోస్టర్ పెట్టే ముందు, యూనివర్సిటీలో పేటెంట్లు చూసే టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసుకి చెప్పండి. మీరే బయటపెట్టిన దానికి పేటెంట్ దరఖాస్తు పెట్టడానికి అమెరికాలో ఏడాది గడువిస్తారు కానీ, యూరప్‌లో పోస్టర్ పెట్టిన రోజే దాదాపు తలుపులు మూసుకుంటాయి. 2013 మార్చి 16 నుంచి ఇక్కడ కూడా ముందు ఎవరు దరఖాస్తు చేస్తే వాళ్ళకే ప్రాధాన్యం. ప్రొవిజనల్ పేటెంట్, అంటే తాత్కాలిక దరఖాస్తు, పెడితే పన్నెండు నెలలు ఊపిరి దొరుకుతుంది. మీ దగ్గర నిజంగానే మందు అయ్యే అవకాశం ఉన్నది ఉంటే, మొదటిరోజే పూర్తి లైసెన్స్ అడక్కండి. కొద్ది డబ్బుతో ఆరునెలలకో ఏడాదికో ఆప్షన్, అంటే తర్వాత లైసెన్స్ తీసుకునే హక్కు, రాయించుకుని, ఆ లోపల మీ లెక్కలు తేల్చుకోండి.

వీసా గురించి చెప్పేటప్పుడు నాకే టెన్షన్‌గా ఉంటుంది, ఎందుకంటే ఇందులో చిన్న తప్పు కూడా తిరిగి సరిదిద్దుకోవడం కష్టం. తుదిమాట మీ లాయర్‌దే. మొదటి 12 నెలల ఓపీటీలో మీ చదువుకి సంబంధించిన సొంత వ్యాపారం చేసుకోవచ్చు. సైన్స్, ఇంజనీరింగ్ లాంటివి చదివినవాళ్ళకి తర్వాత ఇచ్చే 24 నెలల స్టెమ్ ఓపీటీలో అలా కుదరదు. శిక్షణ ప్లాన్ రాసే ఐ-983 ఫారం మీద యజమాని సంతకం కావాలి, మీకు మీరే యజమానిగా పెట్టుకోలేరు, ఉద్యోగులకి పనిచేసే అర్హత ఉందో లేదో ఆన్‌లైన్‌లో సరిచూసే ఈ-వెరిఫైలో కంపెనీ చేరి ఉండాలి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు వేరే కంపెనీలో షేర్లు ఉంచుకోవచ్చు, పని మాత్రం చేయకూడదు. “జీతం తీసుకోవట్లేదు కదా అక్కా” అంటారు. జీతం లేకపోయినా కస్టమర్‌కి ప్రయోగం చేసి ఇస్తే అది పనే. మీ కంపెనీయే మీకు హెచ్-1బీ వేయొచ్చు. సగానికి మించి వాటా మీదైతే, 2025 జనవరి 17న అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం మొదటి రెండు విడతలూ 18 నెలల చొప్పున ఇస్తారు. యూనివర్సిటీ హెచ్-1బీకి లాటరీ లేదు, కానీ అక్కడినుంచి కంపెనీకి మారితే లాటరీలో పడాల్సిందే. యూనివర్సిటీ ఉద్యోగం కొంత ఉంచుకుని పక్కన కంపెనీకి రెండో హెచ్-1బీ వేయించుకునే దారి ఒకటుంది, మసాచుసెట్స్‌లో 2014లో మొదలైన గ్లోబల్ ఎంట్రప్రెన్యూర్ ఇన్ రెసిడెన్స్ అనే ప్రోగ్రామ్ దాని మీదే నడిచింది. ఇండియన్ పాస్‌పోర్ట్ మీద ఈ-2 ఇన్వెస్టర్ వీసా లేదు, మన దేశంతో ఆ ఒప్పందమే లేదు. ఇప్పిస్తామని ఎవరైనా డబ్బడిగితే ఫోన్ పెట్టేయండి.

నాకు దారి దొరికింది 2015 మే 26న. భర్తకో భార్యకో గ్రీన్‌కార్డ్ దారిలో వేసే ఐ-140 ఆమోదమైతే హెచ్-4 వాళ్ళు ఈఏడీకి, అంటే పనిచేయడానికి అనుమతి కార్డుకి, దరఖాస్తు చేసుకోవచ్చని ఆ రోజు నుంచి అమలైంది. కార్డు చేతికొచ్చిన నెలలోనే కంపెనీ రిజిస్టర్ చేశాను.

అప్పుడొక దెబ్బ తిన్నాను. వైద్య పరిశోధనకి డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్, చిన్న కంపెనీలకి ఇచ్చే ఎస్‌బీఐఆర్ గ్రాంటుకి రెండు నెలలు కూర్చుని ప్రపోజల్ రాశాను. మొదటి దశకే సుమారు 3 లక్షల డాలర్ల దాకా ఇస్తారు, కంపెనీలో వాటా అడగరు. ప్రభుత్వ సైట్లలో రిజిస్ట్రేషన్లకే వారాలు పట్టింది. అంతా అయ్యాక, సలహా కోసం కలిసిన ఒక పెద్దావిడ “కంపెనీ ఎవరిది?” అని అడిగింది. నాదే, నూరు శాతం అన్నాను. “మీకు గ్రీన్‌కార్డ్ ఉందా?” లేదు. సగానికి మించి వాటా అమెరికా పౌరులదో గ్రీన్‌కార్డ్ వాళ్ళదో అయితేనే ఆ గ్రాంటు. రెండు నెలల రాత అక్కడితో ఆగిపోయింది. మీరు రాయడం మొదలుపెట్టక ముందే ఆ ప్రశ్న వేసుకోండి. ఇంకోటి, ఎస్‌బీఐఆర్‌లో ప్రాజెక్టు నడిపే మనిషి సగం కంటే ఎక్కువ సమయం కంపెనీ ఉద్యోగిగా ఉండాలి. యూనివర్సిటీ వదల్లేనివాళ్ళకి, యూనివర్సిటీతో కలిసి చేసే ఎస్‌టీటీఆర్ గ్రాంటు నయం. ఈ ప్రోగ్రామ్‌లు కాంగ్రెస్ ఇచ్చే గడువు మీద నడుస్తాయి, 2025 సెప్టెంబర్ 30తో ఆ గడువు ఒకసారి ముగిసింది కూడా. ఏడాది ఖర్చంతా గ్రాంటు మీదే పెట్టుకోకండి. గ్రాంటు రాకపోవడం వల్లే నేను మొదటి నెల నుంచీ కస్టమర్ల తలుపు తట్టాను. కంపెనీ నిలబడింది వాళ్ళ డబ్బుతోనే.

స్నేహితుల దగ్గర డబ్బు తీసుకోవడం గురించి కూడా ఒక మాట. వీకెండ్ పార్టీలో పదిమంది తలో 25 వేల డాలర్లు వేస్తామంటారు, ప్రేమతోనే అంటారు. అది సెక్యూరిటీల చట్టం కిందికి వస్తుంది. ఏడాదికి 2 లక్షలు, జంటగా 3 లక్షల డాలర్ల ఆదాయమో, ఉంటున్న ఇల్లు కాకుండా మిలియన్ డాలర్ల ఆస్తో ఉన్నవాళ్ళకే పరిమితమైతే చిక్కులు తక్కువ. లాయర్ రాసిన కాగితం లేకుండా ఒక్క చెక్కు కూడా బ్యాంకులో వేయకండి. మీ షేర్లు కాలంతో పాటు మీ సొంతమయ్యేలా రాసుకుంటే, తీసుకున్న 30 రోజుల్లో, పన్ను ఇప్పుడే లెక్కవేయమని కోరే 83(బి) కాగితం పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కి పంపాలి. ఆ గడువు దాటితే పొడిగింపు లేదు.

ల్యాబ్ కోసం సొంతంగా భవనం తీసుకోవద్దు. బోస్టన్ వైపు ల్యాబ్‌సెంట్రల్ లాంటి చోట్ల ఒక్క బెంచి అద్దెకిస్తారు, ఫ్రీజర్లూ సెంట్రిఫ్యూజులూ అందరికీ కలిపి ఉంటాయి. మా రాష్ట్రంలో 1984 నుంచి ఉన్న నార్త్ కరోలినా బయోటెక్నాలజీ సెంటర్ చిన్న కంపెనీలకి అప్పులిస్తుంది. మరి గ్యారేజీలో చేయొచ్చా అని అడుగుతారు. వద్దు. బోస్టన్ పక్కనున్న కేంబ్రిడ్జ్ నగరమైతే డీఎన్‌ఏని మార్చే పనికి 1977లోనే సొంత చట్టం చేసింది, పర్మిట్ లేనిదే అక్కడ మొదలుపెట్టలేరు.

బెంచి తీసుకున్న రోజే ఫ్రీజర్ అలారం ఏ ఫోన్‌కి వెళుతుందో చూసుకోండి. ఒక జూలై వీకెండ్‌లో మా మైనస్ 80 ఫ్రీజర్ కంప్రెసర్ ఆగిపోయింది. అలారం మోగింది, మెసేజీ కూడా వెళ్ళింది, కానీ అది నాలుగు నెలల క్రితం మానేసిన అమ్మాయి నంబరుకి. సోమవారం తలుపు తీస్తే డిస్‌ప్లే మీద మైనస్ 31. కస్టమర్ నమూనాలు మూడు పెట్టెలు పనికిరాకుండా పోయాయి. ఆ గంటలోనే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను, రాసి పంపాను. ఆ కస్టమర్ మళ్ళీ రాలేదు. ఇప్పుడు ప్రతి నెలా మొదటి సోమవారం అలారం కావాలని మోగించి, ముగ్గురి ఫోన్లకీ వచ్చిందో లేదో చూసి సంతకం పెడతాం.

చివరిగా, చాలా బాధతో చెప్పే విషయం. మన పిల్లలకి డేటా లెక్కలు వేసే సాస్ సాఫ్ట్‌వేర్ అనీ, డ్రగ్ సేఫ్టీ అనీ రెండు నెలలు నేర్పి, రెజ్యూమేలో లేని నాలుగేళ్ళ అనుభవం రాయించే చోట్లున్నాయి. ఈ రంగంలో ఆ రెజ్యూమే ఒక రికార్డు. కస్టమర్ ఆడిట్‌కి వస్తే ప్రతి ఉద్యోగి సీవీ, ట్రైనింగ్ ఫైలూ తెరిచి చూస్తారు. నోట్‌బుక్‌లో ఒక్క అంకె తప్పు రాస్తే కూడా, కింది అంకె కనబడేలా ఒక్క గీత గీసి, పక్కన పొడి అక్షరాలు, తేదీ, కారణం రాసే వృత్తి ఇది. వైటనర్ ల్యాబ్‌లోకి రానివ్వం. నా దగ్గరికి పనికోసం వచ్చిన ఒక అబ్బాయి “అక్కా, నిజానికి నాకు అనుభవం లేదు” అని ఇంటర్వ్యూలోనే చెప్పేశాడు. అతన్నే తీసుకున్నాను. ఇప్పుడు మా క్వాలిటీ అంతా అతనే చూస్తాడు.

హెచ్-4 ఈఏడీ మీద ఉన్నవాళ్ళు ఈ ఒక్క పని ఈరోజే చేయండి. 2025 అక్టోబర్ 30 నుంచి పెట్టే రెన్యూవల్స్‌కి ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు. పాత కార్డు అయిపోయి కొత్తది రాకపోతే మీ సొంత కంపెనీలో కూడా పని ఆపాలి. గడువుకి 180 రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టనిస్తారు, ఆ తేదీ లెక్కేసి ఫోన్‌లో పెట్టుకోండి.