మాంటా రే ఏం తింటుందో కడుపు కోయకుండా ఎలా చెప్తారు?

మాంటా రే అనే పెద్ద సముద్రపు చేప నీళ్లు వడపోసుకుని తింటుంది కదా, దాన్ని చంపకుండా ఐసోటోపులతో (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులతో) ఆహారం కనిపెడతారట, నమ్మొచ్చా అని ఒకరు అడిగారు. నేను మాంటాను ఫొటోల్లోనే చూశాను. మాది నల్గొండ. కానీ ఎమ్మెస్సీలో ఇదే పద్ధతిని మా పక్క ఊరి చెరువులో బొచ్చె చేప మీద వాడాను. అదీ వడపోసుకుని తినేదే.

ముందు జొన్న సంగతి చెప్తాను. మా నాయనమ్మది పాలమూరు, జొన్నరొట్టె, గట్క తిని పెరిగింది. నేనేమో పూర్తిగా అన్నం బాపతు. జొన్నలో, మక్కల్లో బరువైన కార్బన్-13 వరిలో కంటే ఎక్కువ. ఒక ప్రామాణిక నమూనాతో పోల్చి వెయ్యికి ఎంత తేడా అని చూసే కొలత మీద జొన్న మైనస్ 12 దగ్గర, వరి మైనస్ 27 దగ్గర ఉంటాయి. తిన్నదే ఒంటికి పడుతుంది కాబట్టి మా ఇద్దరి వెంట్రుకలు మిషన్‌లో పెడితే ఏది ఎవరిదో తెలిసిపోతుంది. నైట్రోజన్-15 ఇంకోటి చెప్తుంది. ఆహారంలో కంటే దాన్ని తిన్న జీవిలో అది వెయ్యికి రెండు మూడు పాళ్లు పెరుగుతుంది. అంటే నాచు తిన్నదా, నాచు తిన్న పురుగును తిన్నదా అన్నది బయటపడుతుంది.

మాంటాకూ అంతే. ఈదుతున్న చేప నుంచి గోరంత కండ తీస్తే చాలు. కడుపు కోస్తే రాత్రి భోజనమే కనిపిస్తుంది, కండలో నెలల తిండి ఉంటుంది. ఈక్వెడార్ తీరంలోని పెద్ద మాంటాల మీద 2016లో వచ్చిన అధ్యయనంలో వాటి తిండిలో పైనీళ్ల ప్లవకాలు (నీళ్లలో తేలుతూ కొట్టుకుపోయే చిన్న జీవులు) 27 శాతమే, మిగతా 73 శాతం లోతు నీళ్లది అని లెక్క తేలింది. అప్పటిదాకా అందరూ పైదే ముఖ్యం అనుకునేవాళ్లు.

ఇక నమ్మకం మాట. నా బొచ్చెల్లో నైట్రోజన్-15 బాగా ఎక్కువ వచ్చింది. ఇవి జంతు ప్లవకాలే తింటున్నాయని సంబరంగా రాసేశాను. మా గైడ్ సార్ "చెరువులో ఏం పోస్తున్నారు?" అని ఒక్కటే అడిగారు. చెరువు పట్టినవాళ్లు కోళ్ల ఎరువు పోస్తున్నారు! దాంతో నాచులోనే నైట్రోజన్-15 పెరిగి కూర్చుంది. నేనేమో పోల్చి చూడ్డానికి నాచు నమూనా పట్టనే లేదు. మళ్లీ వెళ్లేసరికి ఎండాకాలం, చెరువు నెర్రెలిచ్చింది. వానలదాకా ఆగి, ప్లవకాల వల పట్టుకుని మొదటినుంచి చేశాను. టెన్షన్‌తో ఆ రెండు నెలలు నిద్ర లేదు.

రే చేపలతో అదనంగా ఇంకో చిక్కుంది. వాటి కండలో యూరియా నిలవ ఉంటుంది, అది నైట్రోజన్-15 లెక్కను కిందికి లాగుతుంది. అందుకే ముక్కను శుద్ధమైన నీళ్లలో పదేపదే కడిగి, కొవ్వు తీసేసి, ఆరబెట్టి పొడి చేస్తారు. బొచ్చెకు ఆ యూరియా బాధ లేదు.

కాబట్టి ఏ పేపర్ చదివినా ఫలితం కంటే ముందు, అదే చోట ప్లవకాలు కూడా పట్టారా, యూరియా కడిగారా అన్నది చూడండి. ఆ రెండూ లేకపోతే నేనైతే ఆ శాతాలను నమ్మను.